మేకు మీద మిగిలిన బిళ్ళ

శ్యామల టీచర్ కుర్చీలో కూర్చోగా మా బడిలో ఎవరూ చూడలేదు. బదిలీ మీద వచ్చిన రోజు నుంచి ఆమె నిలబడే ఉంది. పాఠం నిలబడి చెప్తుంది, పేపర్లు కిటికీ గట్టు మీద పెట్టుకుని నిలబడి దిద్దుతుంది, టీ కూడా వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తాగుతుంది. హుస్నాబాద్ దగ్గర వాళ్ళకు పత్తి చేను ఉందట. చిన్నప్పుడు కాపలాకు పంపిస్తే చేనంతా తిరుగుతూ పుస్తకాలు చదివేదట, ఆ అలవాటు ఇంకా పోలేదట. ఈ సంగతి తెలియక మొదట్లో మేము ఆమెకు మూలవ్యాధి ఉందేమో అనుకున్నాం.

ఆమె నిలకడలేనితనం మాకూ అంటుకుంది. తప్పంతా ఆమెదే. తెలుగు పీరియడ్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా పుస్తకం తెరిచి ఒక కథ మొదలుపెట్టేది. కథలో సరిగ్గా ఎవరో వచ్చి తలుపు కొట్టే చోటికి చేరేసరికి బెల్లు మోగేది. "తర్వాత ఏమైంది టీచర్" అని అడిగితే, "నాకేం ఎరుక, పుస్తకం బీరువాల ఉన్నది, పోయి చూసుకోన్రి" అని చెప్పి సుద్దముక్క ఎగరేసుకుంటూ వెళ్ళిపోయేది. ఆ తర్వాత లెక్కలు. లింగమూర్తి సార్ బోర్డు మీద త్రిభుజం గీస్తుంటే నేను తలుపు కొట్టింది ఎవరా అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని. లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గినయని బాపు అడిగినప్పుడు ఆ తలుపు సంగతి చెబుదామనుకున్నాను. మా బాపుతో వేళాకోళాలు నడవవు కాబట్టి ఊరుకున్నాను.

నా పేరు రవళి. అప్పుడు పదో తరగతి. మాది మందమర్రి. బొగ్గుబాయి క్వార్టర్లలో ఉంటాం: నేను, అవ్వ, బాపు, బాపమ్మ. మేము అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బాపమ్మ అంటే బాపును కన్నతల్లి, పేరు సారక్క. బాపు నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. తాతను నేను చూడలేదు. బాపు బడికి పోయే రోజుల్లోనే, బాయిలో పైకప్పు కూలి ఆయన చనిపోయాడు. గోడ మీద ఫోటో ఉంది, ఫోటోకు ప్లాస్టిక్ దండ ఉంది. అంతకు మించి మా ఇంట్లో ఆయన మాట ఎవరూ ఎత్తరు.

ఇక బీరువా సంగతి. మా బడి పుస్తకాల బీరువాకు ఏళ్ళ తరబడి తాళం ఉండేది. పిల్లలు చదివితే పుస్తకం అరిగిపోతుందని నమ్మేవాళ్ళు కొందరుంటారు. శ్యామల టీచర్ వచ్చిన నెలలోనే ఆ తాళం తీయించి, బీరువాను వరండాలోకి లాగించి, బడి విడిచాక ఒక గంటసేపు దాన్ని మాకు అప్పగించేసింది. ఎవరు ఏ పుస్తకం తీసుకుపోయారో తెలియాలంటే రిజిస్టరు రాయాలన్నారు మిగతా సార్లు. "రిజిస్టరు రాయాల్నంటే కూసోవాలె. నాతోని కాదు" అందామె.

అప్పుడు అరుణ్ లేచాడు. మా తరగతి పిల్లల నాన్నల్లో వాళ్ళ నాన్న ఒక్కడే ఇంకా భూమి లోపలికి దిగే బాయిలో పనిచేస్తున్నాడు. "టీచర్, మా బాపు బాయిల దిగేముందు ల్యాంపు రూంల తన నంబరు బిళ్ళ ఇస్తడు. వాళ్ళు దాన్ని బోర్డుకు తగిలేసి, తలకు పెట్టుకునే ల్యాంపు ఇస్తరు. పైకొచ్చినంక ల్యాంపు వాపస్ ఇచ్చి బిళ్ళ తీస్కుంటడు. మనం గూడ గట్లనే చేద్దాం" అన్నాడు.

తిరుగుతున్న టీచర్ టక్కున ఆగిపోయింది. "బిళ్ళ ఇచ్చి దీపం తీస్కుంటరా" అని మెల్లగా అంది. "దీపం తీస్కొని చీకట్లకు దిగుతరు. పుస్తకం గూడ గంతే కదరా అరుణ్." నచ్చిన మాట దొరికితే ఆమె దాన్ని బెల్లం ముక్కలా చప్పరిస్తుంది. ఆ వారమంతా ప్రతి తరగతిలో ఆ ఒక్క మాటే చెప్పింది. మాకు విసుగొచ్చింది గానీ, లోపల బాగానే ఉండింది. మా నాన్నలు చేసే పనిలో ఒక టీచరు అబ్బురపడేది ఏదో ఉందని మాకు అదే మొదటిసారి తెలియడం.

బిళ్ళలు నూరీన్ వాళ్ళ నాన్న బాబు మియా చేసిచ్చాడు. మార్కెట్లో ఆయనకు రేకు పని దుకాణం ఉంది. పాత నూనె డబ్బాల రేకును గుండ్రంగా కత్తిరించి, అంచులు రాకి, ఒక్కో బిళ్ళ మీద ఒక్కో నంబరు కొట్టాడు. రోల్ నంబర్లు వేయించుకు రమ్మని టీచర్ చెప్పింది. కానీ మేము బొగ్గుబాయి పిల్లలం. నంబరు అంటే మాకు గుర్తొచ్చేది రోల్ నంబరు కాదు. అరుణ్ వాళ్ళ నాన్న నంబరు కొట్టించుకున్నాడు. శ్రావణ్ వాళ్ళ పెద్దనాన్నది. బాయితో సంబంధం లేని నూరీన్ కూడా ఊరుకోలేదు, దుకాణం ఫోన్ నంబరులోని ఆఖరి అంకెలు వేయించుకుంది.

నేను మూడు వందల పద్దెనిమిది అన్నాను.

బాబు మియా సుత్తె ఆపాడు. "సోచాయించి చెప్తున్నవా బేటా? గదే కావాల్నా?"

"మా తాత నంబరు చాచా" అన్నాను. గర్వంగానే అన్నాను.

"మాలూం" అన్నాడాయన. నా మొహం వైపు జరసేపు చూసి, ఇంకేమీ అడగకుండా కొట్టిచ్చాడు.

ఆ నంబరు నాకెలా తెలుసంటే, మా వంటింట్లో తాత టిఫిన్ ఉంది. మూడు గిన్నెల సత్తు డబ్బా. బాయి దగ్గర టిఫిన్లు కలిసిపోకుండా ఎవరి నంబరు వాళ్ళు మూత మీద మేకుతో గీక్కునేవాళ్ళట. బాపమ్మ ఇప్పుడు దాంట్లో చింతపండు పెడుతుంది.

శ్యామల టీచర్ ఒకసారి మాకు పని ఇచ్చింది. "మీ ఇంట్ల అన్నిటికన్న పాత వస్తువు మీద రాయిన్రి. దాని గొప్ప రాయద్దు. చేతిల పట్టుకుంటే ఎట్లుంటదో అది రాయిన్రి." అంతకు ముందు మేము వ్యాసం అంటే గైడులోంచి ఎత్తిరాసేవాళ్ళం. గైడులో మా టిఫిన్ లేదు. చేసేది లేక నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసి రాశాను. మూత మీద సొట్ట, ఎంత తోమినా పోని నల్లటి అంచు, ఎడమచేత్తో తీస్తేనే ఊడివచ్చే కొక్కెం. తాతది ఎడమచేతి వాటం అయ్యుంటుందని రాస్తూ రాస్తూనే నాకు తట్టింది. ఒక మనిషి గురించి ఎవరూ చెప్పకుండా నేనే కనిపెట్టడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

టీచర్ ఆ కాగితం చదువుతూ వరండా చివరిదాకా పోయింది. అక్కడ గోడ వైపు తిరిగి నిలబడి మళ్ళీ చదివింది. వెనక్కి వచ్చి, "గిది మంచిర్యాలకు పోవాలె" అంది.

దసరా సెలవుల తర్వాత మంచిర్యాలలో పిల్లల రచనల సభ ఉంది. ప్రతి బడి నుంచి ఒక్కరు, తాము రాసింది తామే వేదికెక్కి చదవాలి. ఆ ఒక్కరు నేనే కావాలని ఎంత ఆశగా ఉండిందో నేనెవరికీ చెప్పలేదు.

"గని దీనికి ఆఖరు లేదు" అందామె. "డబ్బా పట్టుకపోయిన మనిషి ఏమైండు? డబ్బా ఇంటికి ఎట్ల వచ్చింది? పోయి అడుగు."

"మా ఇంట్ల అడగరు టీచర్."

"అడగరా, అడగనియ్యరా?"



ఒప్పుకోలు కాగితం మీద ఇంట్లో పెద్దవాళ్ళు బడికొచ్చి సంతకం చేయాలి. సెలవులిచ్చే రోజు బాపు డ్యూటీలో ఉన్నాడు, అవ్వకు జ్వరం. బాపమ్మ వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని, మన్మరాలు మంచిర్యాల పోతోందని దారి పొడుగునా వాడకట్టంతా చెప్పుకుంటూ వచ్చింది. ఆమె మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

సెలవులకు ముందు పుస్తకాలన్నీ తిరిగివ్వాలని టీచర్ గట్టిగా చెప్పింది. అందరూ ఇచ్చేసి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసేసుకున్నారు. నేనివ్వలేదు. అట్ట ఊడిన ఒక పాత కథల పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. అందులో ఒక్క కథ మిగిలింది, అది చదివేస్తే పుస్తకం అయిపోతుంది. అయిపోవడం నాకిష్టం లేక దాచుకున్నాను. అందుకని బీరువా పక్కన చెక్క బోర్డు మీద మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక్క మేకుకు మాత్రం నా బిళ్ళ వేలాడుతోంది.

బాపమ్మ గొడుగు ముడుస్తూ తలెత్తింది. ఆమెకు చదువు రాదు. ఆ మూడు అంకెలు మాత్రం వచ్చు.

"గదెవ్వలది?" అంది.

"నాదే బాపమ్మ. తాత నంబరు."

అప్పుడే బడి విడిచే పొడుగు బెల్లు మోగింది. పిల్లలంతా గేటు వైపు ఉరికారు. ఆ గోలలో బాపమ్మ బోర్డు ముందుకు నడిచింది, చెయ్యెత్తి బిళ్ళను మేకు మీంచి తీసింది, కొంగు చివర పెట్టి ముడివేసింది. ఆ ముడిని ఇంకోసారి లాగి బిగించింది. తర్వాత గొడుగు తెరవకుండానే ఎండలోకి నడిచిపోయింది.

టీచర్ కాగితం పట్టుకుని వెంట పరుగెత్తింది. "పెద్దమ్మా, సంతకం."

"నా మన్మరాలు యాడికీ పోదు" అంది బాపమ్మ, వెనక్కి తిరగకుండా.

బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఆ మాట మా ఊర్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నాకూ తెలుసు. తెలిసి కూడా, రేకు బిళ్ళకు, పుస్తకానికి అంత రాద్ధాంతమా అని నాకు మండిపోయింది.

ఇంటికి పోయాక పెద్ద గొడవే అయింది. "గా నంబరు మీద ఇంకెవ్వలు లోపలికి దిగద్దు" అంది బాపమ్మ. "అది బాయి కాదు బాపమ్మ, బీరువా" అన్నాను. "నాకు తెల్వదా" అంది. బాపు డ్యూటీ నుంచి వచ్చి అంతా విని, "మా అవ్వ వద్దన్నదంటే వద్దు" అని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. అవ్వ దుప్పటి లోంచి, "జర ఓపిక పట్టు బిడ్డా, పండుగ పోనియ్యి" అంది. ఓపిక అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మంట.

ఆ సెలవులంతా నేను ఒక చోట కూర్చోలేదు. వాకిట్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గేటు దగ్గరికి. వాడకట్టు ఆడవాళ్ళంతా బతుకమ్మ ఆడుతుంటే, నూరీన్ వచ్చి చెయ్యి పట్టి లాగినా నేను పోలేదు. దాచుకున్న పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడేవి గానీ కథ కనపడేది కాదు. అడగకుండానే ఆఖరు రాసేద్దామని పంతం పట్టాను. ఒకసారి తాత నలుగురిని కాపాడి చనిపోయాడు. ఇంకోసారి మా బాపు పేరు పిలుస్తూ చనిపోయాడు. ఎన్నిసార్లు రాసినా నా కాగితం మీద తాత సినిమాలోలాగే చనిపోతున్నాడు. చదువుకుంటే నాకే అసహ్యం వేసి చింపేశాను.

బాపమ్మ మాత్రం తన పనులు తాను చేసుకుంటూనే ఉండేది. మధ్య మధ్యలో ఆమె చెయ్యి కొంగు ముడి మీదికి పోయేది. తడిమి చూసుకుని మళ్ళీ పనిలో పడేది. చీర మార్చినా ముడి మారలేదు, కొత్త చీర కొంగుకు వచ్చి చేరేది.

సద్దుల బతుకమ్మ ముందు రోజు పొద్దున, హుస్నాబాద్‌లో ఉండాల్సిన శ్యామల టీచర్ మా గేటు ముందు నిలబడి ఉంది. చేతిలో సంచి, మొహం నిండా చెమట. బాపమ్మ గుమ్మంలో కూర్చుని తంగేడు పూలు ఏరుతోంది. లేవలేదు గానీ, మర్యాదకు నన్ను కుర్చీ తెమ్మంది.

"వద్దు పెద్దమ్మా, పర్లే" అంది టీచర్. అనడమే కాదు, అప్పుడే మా వాకిట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది.

"కూసో పంతులమ్మ. నువ్వు గట్ల తిరుగుతాంటె నాకు మాట రాదు."

శ్యామల టీచర్ కూర్చుంది. కుర్చీలో కాదు, బాపమ్మ ఎదురుగా నేల మీద, పూల పక్కన. నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

"బోర్డు తీసేస్త పెద్దమ్మా" అంది టీచర్. "నాకు ల్యాంపు ఒక్కటే కనవడ్డది. బిళ్ళ మిగిలితే ఏందో నాకు తెల్వలే. మేం సాగు చేసుకునేటోళ్ళం. అరుణ్‌కు ఫోన్ చేసి అడిగితే చెప్పిండు. విన్నప్పటి సంది నాకు మనసున పడ్తలేదు."

బాపమ్మ చాలాసేపు పూలు ఏరింది. టీచర్ వేళ్ళు ఊరుకోలేక ఆమె కూడా ఏరడం మొదలుపెట్టింది. అప్పుడు బాపమ్మ చెప్పింది. తల దించుకుని, పూలకే చెబుతున్నట్టు చెప్పింది.

"మొదటి షిఫ్టుకు పోయిండు. సైరన్ మోగింది, ముందుగాల పైకెక్కినోళ్ళు ఇండ్లకు వచ్చిన్రు, ఈయన రాలే. లోపల పైకప్పు పడ్డదని ఎవ్వలో అన్నరు. ల్యాంపు రూం కాడికి ఉరికిన. ఒక్కొక్కలు పైకొస్తున్నరు, బిళ్ళ తీస్కుంటున్నరు, పోతున్నరు. నేను బోర్డునే చూస్తున్న. చూస్తుండంగనే అంత ఖాళీ అయింది. ఒక్కటే మిగిలింది. నాకు సదువు రాదు పంతులమ్మ. గని రోజు టిఫిన్ తోముతుంటి గద, గా గీతలు గుర్తువట్టిన."

టీచర్ చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది.

"గా బిళ్ళ నాకియ్యిన్రి అని అడిగిన. ల్యాంపు రూం క్లర్కు ఇయ్యలే. మనిషి పైకొచ్చి ల్యాంపు ఇస్తెనే బిళ్ళ తీస్తం అన్నడు. ఆయనదేం తప్పు, రూలు గట్లున్నది. మనిషిని తెచ్చిన్రు. టిఫిన్ తెచ్చిచ్చిన్రు. బిళ్ళ మాత్రం ఇయ్యలే. నా కండ్లల్ల అది గా మేకు మీదనే ఉండె, ఇన్నేండ్లు."

బాపమ్మ కొంగు ముడి మీద చెయ్యి వేసింది. "మొన్న బడిల చూసిన. చెయ్యి పెట్టి తీసిన. ఎవ్వలు ఆపలే."

నాకు ఏడుపొచ్చింది. కోపం పోయాక వచ్చిన ఏడుపు కాదు, కోపం ఉండగానే వచ్చింది. "మరి నన్నెందుకు ఆపినవ్ బాపమ్మ? నేనేం చేసిన?" అన్నాను.

"భయమైంది బిడ్డా" అంది. అంతే. మా బాపమ్మ భయం అనే మాట అనడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే వినడం.

టీచర్ లేచి నిలబడబోయి మళ్ళీ కూర్చుంది. "పెద్దమ్మా, గీ ముచ్చట రవళి రాయచ్చునా? నువ్వు వద్దంటే రాయది. నేను గూడ రాయమనను."

"రాసి ఏం జేస్తది?"

"నలుగురి ముంగట సదువుతది."

బాపమ్మ నా వైపు చూసింది. "ముందు నాకు సదివి వినిపియ్యమను. మంచిర్యాల సంగతి తర్వాత. బోర్డు మాత్రం తీసెయ్యకు. పోరగాండ్లు ముచ్చటపడి చేసుకున్నరు."

నేను ఆ రోజే రాయడం మొదలుపెట్టాను. ఈసారి తాత చనిపోవడం రాయలేదు, అది నేను చూడలేదు, బాపమ్మా చూడలేదు. ఆమె చూసింది బోర్డు. బోర్డు ఖాళీ కావడమే రాశాను. రాయడం అయ్యాక, ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే పక్కన కూర్చుని చదివాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"ఏడ్చిన అని రాసినవు" అంది.

"ఏడ్వలేదా?"

"గా దినం ఏడ్వలే. బిళ్ళ అడిగిన. అదే అడుగుకుంట నిలవడ్డ. ఏడ్సుడు తర్వాత."

ఆ ఒక్క వాక్యం కొట్టేశాను. మళ్ళీ చదవమంది, చదివాను. ఇంకోసారి చదవమంది. మూడోసారి చదువుతుంటే, నేను తర్వాత ఏ మాట అంటానో ఆమె పెదవులు ముందే అంటున్నాయి.

ఆఖరికి, "నువ్వు దాసుకున్న పుస్తకం ఏందే? గంత ఏమున్నది దాంట్ల?" అంది. మిగిలిన ఆ ఒక్క కథ ఆమెకే చదివి వినిపించాను. అవ్వ జ్వరం తగ్గి లేచొచ్చి గుమ్మానికి ఒరిగి వింది. బాపు కూడా విన్నాడు. వినలేదన్నట్టు చెప్పులు తుడుచుకుంటూ విన్నాడు. పుస్తకం అయిపోయింది. అయిపోతే ఏదో అవుతుందనుకున్నాను, ఏమీ కాలేదు. సెలవులయ్యాక తీసుకుపోయి బీరువాలో పెట్టేశాను.

బాపు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాడు గానీ, "మా అవ్వ పో అంటేనే" అని మెలిక పెట్టాడు. బాపమ్మ పో అనలేదు, వద్దనీ అనలేదు. నేను అడగలేదు. అడిగితే వద్దంటుందేమోనని భయం. సభ రోజు దగ్గరపడే కొద్దీ నాకు అన్నం సయించలేదు. అవ్వ రెండు పూటలా తిట్టింది.

సభ రోజు పొద్దున జడ వేసుకుంటుంటే సుత్తె చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి చూస్తే బాపమ్మ తలుపు పక్క గోడకు మేకు కొడుతోంది. క్వార్టరు గోడ, సిమెంటు గట్టిది. మేకు వంగిపోయింది. బాపు సుత్తె అందుకోబోతే ఇవ్వలేదు. ఇంకో మేకు తీసుకుని కొట్టింది. దిగింది.

అప్పుడు కొంగు ముడి విప్పింది. ముడి బిగిసిపోయి ఉంది, పళ్ళతో లాగాల్సి వచ్చింది. బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది.

"నువ్వే తగిలియ్యి" అంది. "పోయి రా. వచ్చి మల్ల నువ్వే తియ్యాలె."

నేను తగిలించాను. ఒకసారి జారి కిందపడింది, తీసి మళ్ళీ తగిలించాను. బాపమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, "బస్సు పోతది" అంది.

మంచిర్యాలలో జరిగింది చెప్పడానికి ఎక్కువేం లేదు. హాలు పెద్దది, మైకు నా కంటే పొడుగు. చదువుతున్నంతసేపు నాకు కనిపించింది ఒక్కటే, హాలు వెనక గోడ వెంట అటూ ఇటూ తిరుగుతున్న శ్యామల టీచర్. బోర్డు ఖాళీ అయ్యే చోటికి వచ్చేసరికి ఆమె ఆగిపోయింది. ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళజోడు తీసి పంచెకు తుడుచుకున్నాడు. చప్పట్లు కొట్టారు. బహుమతి వేరే బడి అబ్బాయికి వచ్చింది. అబద్ధం ఎందుకు, కోపం వచ్చింది. వాడు రాసింది గైడులోంచి ఎత్తినట్టే ఉంది.

"నీది గూడ పుస్తకంల అచ్చేస్తరట" అంది టీచర్ బస్టాండుకు నడుస్తూ. ఆమె నాకంటే ఎక్కువ సంతోషంగా ఉంది. నేను పట్టించుకోలేదు. నా ధ్యాసంతా గోడ మీది మేకు దగ్గరే ఉంది. తిరుగు బస్సు బొగ్గు లారీల వరస వెనక చిక్కుకుంది. ముందుకు కదలదు, పక్కకు పోదు. నేను సీట్లోంచి లేచాను. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. చూస్తే పక్కన టీచర్ కూడా లేచి నిలబడి ఉంది, కడ్డీ పట్టుకుని, మెడ సాచి రోడ్డు చూస్తోంది.

"ఎదురు చూస్తుంటది" అన్నాను.

"ఎరుకనే" అంది టీచర్.

మందమర్రిలో బస్సు దిగేసరికి మొదటి షిఫ్టు దిగే సైరన్ ఎప్పుడో మోగిపోయింది. డ్యూటీ దిగినవాళ్ళంతా ఇళ్ళకు చేరిపోయారు. నేను పరుగెత్తాను. సందు మలుపు తిరగగానే కనిపించింది. బాపమ్మ గోడకు ఆనుకుని, మేకు కింద నిలబడి ఉంది. అవ్వ కుర్చీ తెచ్చి పక్కన వేసినట్టుంది, దాంట్లో కూర్చోలేదు. బాపు వాకిట్లో ఊరికే అటూ ఇటూ నడుస్తున్నాడు.

బహుమతి వచ్చిందా అని బాపమ్మ అడగలేదు. ఎలా చదివావనీ అడగలేదు. గోడ దగ్గర నుంచి పక్కకు జరిగి నాకు దారిచ్చింది.

"తియ్యి" అంది.

నేను బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూసుకుంది, వేలితో అంకెలు తడిమింది. తర్వాత నా చెయ్యి తెరిచి దాన్ని నా అరచేతిలోనే పెట్టి నా వేళ్ళు మూసింది. ఖాళీ అయిన మేకు వైపు కాసేపు చూసింది.

"ఇగ దా, అన్నం తిందాం" అంది. పొద్దుటి నుంచి ఆమె కూడా తినలేదట.